సైకిల్ నేర్పబడును

పిల్లలకు వేసవి సెలవులు ఎందుకిస్తారన్న ప్రశ్నకు మానవజాతి ఇన్నాళ్ళూ సరైన జవాబు లేక అల్లాడింది. ఎండల వల్ల అని కొందరు, టీచర్లు బతికి బట్టకట్టడానికి అని కొందరు వాదించారు. ఆ జవాబు ఈ మధ్య మా హోసూరు దగ్గర ఉద్దనపల్లిలో దొరికింది. సెలవులిచ్చేది పెద్దలు పిల్లలకు సేవ చేసుకోవడానికి. ఈ సంగతి కనిపెట్టినవారు పసిడి పందిరి సేవా సంస్థవారు. అది లాభాపేక్ష లేని సంస్థ. (ఆ మాట బ్యానరు మీద సంస్థ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది.)

వారి వేసవి శిబిరం గురించి విజయగాథ రాసే బాధ్యత నాకు అప్పగించారు. హోసూరులో పత్రికలకు రాసేవాడు ఇంకొకాయన ఉన్నాడు గాని, వేసవిలో ఆయన ఊటీలో ఉంటాడు. శిబిరం ఇంకా మొదలు కాలేదు కదా, విజయం సంగతి ఎలా తెలిసిందని అడిగాను. విజయం ఖాయమైపోయిందనీ, వివరాలు తర్వాత అందజేయబడతాయనీ శిబిరాధికారి పరశురామ్ గారు చెప్పారు. ఆయన మాట్లాడితే లోకంలో అన్ని పనులూ వాటంతట అవే చెయ్యబడతాయి. ఎవరూ చెయ్యరు.

రాయకోట రోడ్డులో ఒక కల్యాణ మండపం శిబిరానికి కుదిరింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ప్రవేశం ఉచితం. కరపత్రంలో వ్యక్తిత్వ వికాసం, నాయకత్వ లక్షణాలు, పరిశుభ్రత, ప్రకృతి ప్రేమ, ఆత్మవిశ్వాసం అన్నీ వరసగా ఉన్నాయి. అడుగున కాస్త జాగా మిగిలిందని ప్రెస్సువాడు ఫోన్ చేస్తే, అప్పటికప్పుడు ఒక వాక్యం చేర్చారు. 'సైకిల్ నేర్పబడును.'

ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నంజప్ప వచ్చాడు. గ్రానైట్ క్వారీలో కూలి. చీకటితో కంపెనీ వ్యానెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే దిగుతాడు. వెంట కూతురు కలైసెల్వి. ఆ పిల్ల బడిలో తమిళం చదువుతుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, సంతలో కన్నడంలో బేరమాడుతుంది. సైకిలు తొక్కడం మాత్రం ఏ భాషలోనూ రాదు.

"సార్, బిడ్డ ఎనిమిది పాసయింది" అన్నాడు నంజప్ప. "తొమ్మిదికి రాయకోట స్కూలుకు పోవాల. బస్సు మా ఊర్లో నిలిస్తే నిలస్తాది, లేదంటే హారన్ కొట్టి పోతాది. ఆ మామిడి తోపుల్లో ఒంటిబిడ్డను నడిపించి పంపేదానికి నాకు ధైర్యం చాలదు. ఇంట్లో నా పాత సైకిలు ఉండాది. నేర్సుకునిందా, స్కూలు. లేదంటే వాళ్ళత్త జతలో రోజా తోటకు పనికి పోతాది. అంతే."

"నేర్పబడుతుంది" అన్నారు పరశురామ్ గారు.

కలైసెల్వి అప్పటికే మండపం మూలన నిలబెట్టిన సైకిలును చూస్తోంది. కొత్తది, ఎర్రది, దాతలెవరో ఇచ్చింది. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

సంస్థవారు ఒక్క చిన్న సంగతి మరిచారు. మే నెలలో మా కృష్ణగిరి జిల్లాలో పిల్లలు దొరకరు. మామిడికాయలు దొరుకుతాయి, పిల్లలు వాటి వెంట ఉంటారు. అమ్మమ్మ ఊరికి పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళు చెట్ల మీద ఉంటారు. వాళ్ళను దించి వ్యక్తిత్వం వికసింపజెయ్యడం ఎవరి తరమూ కాదు. అందువల్ల మొదటిరోజు శిబిరానికి పట్టుమని పన్నెండుమంది పిల్లలు వచ్చారు.

వాలంటీర్లు మూడు బస్సుల్లో దిగారు.

దీనికి కారణం హోసూరులోని ఒక ఫ్యాక్టరీ. (పేరు చెప్పను. సేవ చేసి పేరు చెప్పుకోవడం వాళ్ళకు ఇష్టం ఉండదు. బస్సుల మీద, టోపీల మీద, మజ్జిగ గ్లాసుల మీద రాసుకున్నారు, అంతే.) ప్రతి ఉద్యోగీ ఏడాదికి ఇన్ని గంటలని సమాజసేవ చెయ్యాలి, లేకపోతే ఇంక్రిమెంటు ఫైలు కదలదని అక్కడ నియమం. గడువు దగ్గర పడింది. సేవ చెయ్యడానికి అంతమంది ఉన్నారు, చేయించుకోవడానికి పన్నెండుమందే ఉన్నారు. రేషన్ షాపుకు పామాయిల్ వచ్చిన రోజు ఎలా ఉంటుందో మండపం అలా అయింది.

పరశురామ్ గారు చలించలేదు. పిల్లలకు పసుపు టోపీలు, వాలంటీర్లకు నీలం టోపీలు పంచి, టోకెన్ పద్ధతి పెట్టారు. ఒక పిల్లకు ఒక సమయంలో ఒకే సేవ. మధ్యలో దూరి సేవ చెయ్యరాదు. ఒకరు సేవ చేస్తుండగా ఇంకొకరు పిల్లను చూసి నవ్వినా అది సేవగా పరిగణించబడదు. వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర కుర్చీల్లో పిల్లల్ని ఇద్దరిద్దరు చొప్పున కూర్చోబెట్టారు. కింద వరస మండపం గేటు దాటి టీకొట్టు దాకా పోయింది.

కలైసెల్వికి మొదటిరోజు చేతులు కడుక్కోవడం నేర్పారు. నేర్పినాయన దిగాక రెండో ఆయన వచ్చి నేర్పాడు. సాయంత్రానికి ఆ పిల్ల వేళ్ళు నానిన పెసరపప్పులాగా తయారయ్యాయి. రెండోరోజు ప్రకృతి ప్రేమ. వేపమొక్క ఒక్కటే తెచ్చారు కాబట్టి, ఒక్కొక్క వాలంటీరూ ఆమె చేత దాన్ని నాటించి, ఫొటో తీసుకుని, తర్వాతివారి కోసం పీకి పక్కన పెట్టాడు. ఆ మొక్క మధ్యాహ్నం దాకా ప్రకృతిని ప్రేమించి, తర్వాత వాడిపోయింది.

"సార్, సైకిలు?" అని ఆ పిల్ల ప్రతి సేవకూ మధ్య అడుగుతూనే ఉంది.

"భోజనాల తర్వాత అమ్మా."

భోజనాల తర్వాత ఆత్మవిశ్వాసం ఉంది. ఆ టోకెనుతో వచ్చినవాడు కేశవులు. పుంగనూరు మనిషి, ఫ్యాక్టరీలో ఫిట్టరు, ముప్ఫై నాలుగేళ్ళు. పొద్దున్నించీ ఎండలో నిలబడి అతని సొంత ఆత్మవిశ్వాసం కొంత ఆవిరైంది.

"పాపా, నీకు ఆత్మవిశ్వాసం నేర్పాలంట" అన్నాడు.

"అది ఎప్పుడో అయిపోయిందిన్నా. శానా మంది నేర్పినారు. నువ్వు ఆ సైకిలు పట్టుకో, నేను ఎక్కుతాను. స్కూలు తెరిసే లోపల వచ్చేయాల నాకు."

కేశవులు తల గోక్కున్నాడు. "నాకే రాదమ్మా. చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్లేదు. పెద్దయినాక సిగ్గేసి నేర్సుకోలేదు. అయినా పట్టుకుంటాలే, దా."

ఇద్దరూ మూలకు నడిచారు. సీటు కవరు మీద చెయ్యి పడిందో లేదో, కేశవులు టోకెన్ గడువు ముగిసినట్టు మైకులో ప్రకటించారు. వరసలో తర్వాతి ఆయన అప్పటికే దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు. ఆయనది తల దువ్వే సేవ.

శిబిరం ఇలా ప్రశాంతంగా సాగుతుండగా ఒక శుభవార్త వచ్చింది. సంస్థకు 'మురిపెం' అని ఒక యాప్ ఉంది. ఒక సేవ పూర్తయితే ఒక బిడ్డకు మేలు జరిగినట్టు అది లెక్క వేసుకుంటుంది. చేతులు ఎన్నిసార్లు కడిగితే అంతమంది పిల్లలు. బెంగళూరులోని పెద్దాఫీసువారు ఆ లెక్క చూసి ఉప్పొంగిపోయారు. ఉద్దనపల్లి శిబిరంలో నాలుగు వందలమంది పిల్లలున్నారట, వారిని కళ్ళారా చూడటానికి ముగింపురోజు ముఖ్య అతిథి వస్తున్నారట.

ఇంకెవరైనా అయితే మంచం పట్టేవారు. పరశురామ్ గారు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, ఆలోచించారు.

"సంఖ్య సరిగానే ఉంది" అన్నారు. "సంఖ్యకు తగ్గ మనుషులు సమకూర్చబడాలి."

నియమావళి తిరగేశారు. బాలబాలికలు అంటే ఎవరన్న దగ్గర వయసు రాయడం మరిచారు. 'పసుపు టోపీ ధరించినవారు' అని మాత్రమే ఉంది. ఇక చిక్కేముంది? ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల వాళ్ళనీ రప్పించి, నీలం టోపీలు తీయించి పసుపు టోపీలు పెట్టించారు. సేవ చేయించుకోవడం కూడా సేవా గంటల్లోకే వస్తుందని హామీ ఇచ్చారు. అయితే అందరూ పిల్లలైపోతే సేవ చేసేది ఎవరు? నీలం టోపీలు పన్నెండు మిగిల్చి, వాటిని అసలు పిల్లల నెత్తిన పెట్టారు. ఆ టోపీలు వాళ్ళకు కనుబొమల దాకా దిగాయి.

ముగింపురోజు మండపం నిండా పిల్లలు. మీసాల పిల్లలు, బట్టతల పిల్లలు, ప్రావిడెంట్ ఫండ్ ఉన్న పిల్లలు. అందరూ చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. (లేచేటప్పుడు ఒకరినొకరు పట్టుకుని లేచారు. శిబిరం పెంచిన ఐకమత్యం అది.) కలైసెల్వి, తక్కిన పదకొండుమందీ బక్కెట్లు మోస్తూ వాళ్ళకు మజ్జిగ పోశారు. ఒక బిడ్డ రెండు గ్లాసులు తాగి, బీపీ ఉంది, ఉప్పు తక్కువగా వేసి తెమ్మన్నాడు.

ముఖ్య అతిథి వరసల మధ్య నడుస్తూ, కేశవులు ముందు ఆగి, అతని బుగ్గ గిల్లారు.

"పెద్దయ్యాక ఏమవుతావు బాబూ?"

కేశవులు లేచి చేతులు కట్టుకున్నాడు. "పర్మనెంట్ అవ్వాలని ఉంది సార్."

ఇంత చిన్న వయసులో ఇంత స్పష్టమైన లక్ష్యమా అని అతిథి కళ్ళు చెమర్చాయి. మండపం అంతా చప్పట్లు కొట్టింది. కాంట్రాక్టు పిల్లలు ఎక్కువసేపు కొట్టారు.

తర్వాత అతిథిగారికి కరపత్రం చివరి వాక్యం కంటబడింది. "సైకిల్ నేర్పడం కూడా ఉందే! ఏదీ, చూపించండి."

ఎర్ర సైకిలును బయటికి తెచ్చారు. ఎవరూ పిలవకముందే కలైసెల్వి మజ్జిగ బక్కెట్టు కింద పెట్టేసి, పరుగున వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. ఆ పిల్ల మొహం ఆ శిబిరంలో వెలగడం నేను చూసింది అదే మొదటిసారి.

పరశురామ్ గారు వంగి మెల్లగా చెప్పారు. "నువ్వు వాలంటీరువి కదమ్మా. నీలం టోపీవాళ్ళు పట్టుకోవాలి. పసుపు టోపీవాళ్ళు ఎక్కాలి."

"టోపీ తీసేస్తాను సార్."

"ముఖ్య అతిథి ఎదుట టోపీలు మార్చబడవు."

కేశవులు లేచాడు. "సార్, నాకొద్దు. ఆ పాపనే ఎక్కనీండి సార్. పాపం, మొదట్నించీ అడగతా ఉండాది."

"కేశవులూ, పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు పిల్లలు మధ్యలో మాట్లాడకూడదు."

ఇంక్రిమెంటు ఫైలు ఎక్కడుందో గుర్తొచ్చి కేశవులు సైకిలెక్కాడు. కలైసెల్వి వెనక క్యారియర్ పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. (విజయగాథలో అందుకు చోటు ఇవ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.) ఆ పిల్ల తనకన్నా మూడింతలున్న మనిషిని పడనివ్వకుండా, మండపం చుట్టూ రొప్పుతూ పరుగెత్తింది. "ముందుకు చూడన్నా, కిందికి చూడొద్దు! తొక్కు, తొక్కు!" అని అరుస్తూనే ఉంది. సైకిలు నిలదొక్కుకుందని తెలియగానే చెయ్యి వదిలేసింది.

కేశవులుకు సైకిలు వచ్చేసింది. మండపం చుట్టూ ఒంటరిగా ఒక చుట్టు తిరిగాడు. సంతోషం ఆపుకోలేక నవ్వాడు. వెనక్కి తిరిగి చూసి, నడుం పట్టుకుని ఆయాసపడుతున్న ఆ పిల్ల కనిపించగానే నవ్వు ఆగిపోయింది. సైకిలు దిగి ఆమె వైపు నడవబోతుంటే, ఫొటోకు రమ్మని లాక్కుపోయారు.

బహుమతుల్లో ఉత్తమ బాలుడు కేశవులు. ఉత్తమ సైకిల్ శిక్షకురాలు కలైసెల్వి. ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ రాత్రి నంజప్ప దాన్ని చదివించుకుని విన్నాడు.

"నేర్సుకుంటివా పాపా?"

"నేర్పించినాను నాయనా."

నేర్పించేంతటిదానికి రాకుండా ఎలా ఉంటుంది? నంజప్ప పాత సైకిలు తుడిచి, చెయిన్‌కు నూనె పోసి, కూతురి చేతికిచ్చాడు. ఆ సంబరం చూశాక అసలు సంగతి చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. చెప్తే రోజా తోట.

జూన్‌లో నేను బస్సులో రాయకోట వెళ్తున్నాను. రైలు గేటు వేశారు. కిటికీలోంచి చూస్తే కలైసెల్వి, యూనిఫారంలో, పాత సైకిలును తోసుకుంటూ వచ్చి బస్సు పక్కన ఆగింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఎక్కి పోవచ్చు కదమ్మా?"

"రాదు కద సార్. పొద్దున తోసుకోని వస్తాను, సాయంత్రం తోసుకోని పోతాను. సైకిలు లేకుండా బయల్దేరితే స్కూలు నిలిపేస్తాడు మా నాయన."

"ఊర్లో ఎవరినైనా పట్టుకోమనకూడదా?"

"అడిగితే నాయనకు తెలిసిపోతాది సార్. యాడన్నా దూరంగా, ఈ గేటు కాడనో స్కూలు కాడనో, పట్టుకునేవాళ్ళు కావాల. ఒకరుంటే చాలు."

రైలు పోయింది. గేటు లేచింది. ఆమె సైకిలును పట్టాల మీదుగా ఎత్తి దాటిస్తుండగా, బస్సు హారన్ కొట్టి దాటేసింది.

ఊరుకోబుద్ధి కాక, సంస్థకు ఫోన్ చేశాను. పరశురామ్ గారు శ్రద్ధగా విన్నారు. ఆమె సైకిలుతో బడికి వెళ్తున్న ఫొటో తమకూ అందిందనీ, వార్షిక నివేదిక అట్టమీద వేస్తున్నామనీ చెప్పారు. ఒక్క మనిషిని పంపితే ఆ పిల్లకు సైకిలు వచ్చేస్తుందని ప్రాధేయపడ్డాను.

"ఒక్కరంటే కష్టం సార్" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "కనీసం నలభైమంది ఉంటేగాని బస్సు పంపబడదు."