హెడ్‌ఫోన్‌కు అభిషేకం

ఆదివారం తెల్లవారకముందే అరసవల్లి వెళ్ళి స్వామిని దర్శించుకోవాలి. ఇంటికొచ్చి పూజ చేసుకోవాలి. పదింటికల్లా కూతురి ఆట చూడటానికి కుర్చీలో కూర్చోవాలి. జగన్నాధం వేసుకున్న ఏర్పాటు ఇంతే. శ్రీకాకుళంలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుకొనే ఆయనకు ఇంతకంటే పెద్ద ఏర్పాట్లు అలవాటు లేవు.

కూతురు అనూరాధకు పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. సెలవు వస్తే టీవీకి గేమ్ పెట్టె తగిలించి, చేతిలో కంట్రోలర్ పట్టుకొని కొట్లాట ఆట ఆడుతుంది. తెర మీద ఇద్దరు యోధులు తన్నుకుంటారు. ఒకణ్ణి ఈమె నడిపితే, రెండోవాణ్ణి ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చున్న మనిషి నడుపుతాడు. చూపు లేకుండా ఎలా ఆడుతుందని మొదట్లో జగన్నాధానికీ సందేహమే. ఆ ఆట తయారుచేసినవాళ్ళు అందుకొక సదుపాయం పెట్టారు. ఎదుటివాడు ఎడమ పక్క ఉంటే వాడి అడుగుల చప్పుడు ఎడమ చెవిలో, కుడి పక్క ఉంటే కుడి చెవిలో వినిపిస్తుంది. దగ్గరికొస్తే గట్టిగా, దూరం జరిగితే మెల్లగా. పైనుంచి వచ్చే దెబ్బకు సన్నని కూత, కిందినుంచి వచ్చే దెబ్బకు బొంగురు కూత.

“అంటే నీకోసం ఆట సులువు సేసి పెట్టారన్నమాట,” అన్నాడాయన ఒకసారి, మెచ్చుకుంటున్నాననే అనుకొని.

“సులువు సెయ్యలేదు నాన్నా, తలుపు తీసి పెట్టారు. లోపలికెల్లాక దెబ్బలు అందరికీ ఒకలాగే తగుల్తాయి,” అంది అనూరాధ.

ఈ ఆదివారం ఆట మామూలుది కాదు. రాష్ట్ర జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం జరిగేది. చూపున్నవాళ్ళు, లేనివాళ్ళు అనే తేడా లేకుండా అందరూ కలిసి ఆడే పోటీ. నిరుడు సరిగ్గా ఇక్కడే ఓడిపోయి ఆ పిల్ల చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. ఈసారి ఎదుటి ఆటగాడు విజయనగరానికి చెందిన పృథ్వీరాజ్ అట. పేరు తప్ప ఇంకేమీ తెలియదు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు జట్టులోకి వెళ్తారు.

కూతురి గెలుపు కోసం తన చేతనైనది తానూ చేయాలనుకున్నాడు జగన్నాధం. చిక్కు అక్కడే వచ్చింది.

అరసవల్లి నుంచి రాగానే కంట్రోలర్‌ను, హెడ్‌ఫోన్‌ను దేవుడి గదిలో పీట మీద పెట్టాడు. దసరాకి కొట్లో కాటాకు పెట్టినట్టే కంట్రోలర్‌కు కుంకుమ బొట్టు పెట్టాడు. పిల్ల ఆడేది చేతులతో అయినా చూసేది చెవులతో కదా అని ఆలోచించి, హెడ్‌ఫోన్‌కు ఇంకాస్త ఎక్కువ చేయాలనిపించింది. పసుపు నీళ్ళు చిలకరించాడు. చిలకరిస్తే సరిపోతుందా అని అనుమానం వచ్చింది. గిన్నెల్లాంటి ఆ రెండు దొప్పల్లోనూ చెరో ఉద్ధరిణెడు పోసి కళ్ళకద్దుకున్నాడు.

కాసేపటికి హెడ్‌ఫోన్ తలకు తగిలించుకున్న అనూరాధ మెడ మీదుగా పసుపు ధార కారింది.

“నాన్నా! ఇదేటి, తడిగా ఉన్నాది?”

“అభిషేకం సేసేనమ్మా.”

“దేనికి?”

“నువ్వు గెలుస్తావని.”

ఎడమ దొప్ప పూర్తిగా మూగబోయింది. కుడి దొప్పలో మిక్సీ తిరుగుతున్నట్టు గరగర. వంటింట్లోంచి వచ్చిన భార్య పద్మకుమారి ఆ హెడ్‌ఫోన్‌ను వంచి, కారుతున్న నీళ్ళను చూసి, భర్తను చూసింది. “లింగానికి అభిషేకం సూసేను, ఇగ్రహానికి సూసేను. ఎడ్‌ఫోనుకి సేసిన మనిసిని నా పుట్టుకలో సూల్లేదండి,” అంది.

ఆదివారం కొట్లు పదకొండు దాటితే గాని తెరవరు. ఇంట్లో ఉన్న ఇంకో జత ఆ పెట్టెకు తగల్లేదు. చివరికి అనూరాధే ఉపాయం చెప్పింది. అటక మీద పాత స్పీకర్లు రెండున్నాయి. వాటిని టీవీకి చెరో పక్క పెట్టి, సరిగ్గా మధ్యలో స్టూలు వేసుకొని కూర్చుంటే ఎడమా కుడీ తెలుస్తాయి. కాని ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండకూడదు.

“నాకు సప్పుడే సూపు నాన్నా. ఇంకో సప్పుడు అయ్యిందంటే మీ కళ్ళకి ఎవరో సెయ్యి అడ్డం పెట్టినట్టే,” అంది. అని, వెంటనే సాధనకు కూర్చుంది.

తప్పు దిద్దుకొనే అవకాశం దొరికింది కదా అని జగన్నాధం ఇంటిని నిశ్శబ్దం చేయడానికి నడుం కట్టాడు. గేటు గడియకు గుడ్డ చుట్టాడు. కుళాయి చుక్కలు పడుతుంటే కింద స్పాంజి పెట్టాడు. కుక్కర్ కూత వేస్తుందని పొయ్యి వెలిగించనివ్వలేదు. ఫోన్లన్నీ ఆపేశాడు. రోజూ వీధి చివరిదాకా వినబడే పూజగంటను ఆ రోజు నాలుక వేలితో నొక్కిపట్టి ఊపాడు. శంఖాన్ని పూరించకుండా కళ్ళకద్దుకొని పక్కన పెట్టాడు. చప్పుడు లేని హారతి స్వామికి చేరుతుందా అని ఒక క్షణం సందేహించాడు. చూపు లేని పిల్లను ఎలా చేరుకోవాలో మామూలు మనుషులే ఆలోచించగలిగినప్పుడు స్వామి ఆమాత్రం ఆలోచించడా అనుకొని సమాధానపడ్డాడు.

మిగిలింది తల్లి లక్ష్మణమ్మ దగ్గు.

“అమ్మా, ఈ పూట దగ్గకే.”

“దగ్గు నన్నడిగి వస్తాదేట్రా?” అంది ఎనభై దాటిన ఆ పెద్దామె. అయినా మనవరాలి కోసం కిటికీ పక్క మంచం మీద పడుకొని, దగ్గు బయటికి రాకుండా దుప్పటి తల మీదుగా నిండా కప్పుకుంది.

ఇంటి లోపల ఇంత పని జరిగితే, బయట ఇంకో పని మొదలైంది. పక్కింటి దాలమ్మ ఆ వేళకు గంట వినబడకపోయేసరికి చీపురు ఆపింది. జ్వరం వచ్చినా, తుపాను వచ్చినా జగన్నాధం పూజ మానడు. మానాడంటే దానికి ఒకటే కారణం. ఇంట్లో మైల వచ్చి ఉండాలి. కుక్కర్ కూత కూడా లేదు, అంటే పొయ్యీ వెలగలేదు. ఆవిడ గేటు దగ్గరికి వచ్చి పిలవబోయింది. జగన్నాధం చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, పెదాల మీద వేలు పెట్టి, రెండు చేతులూ జోడించి, లోపలికి చూపించాడు. చేజేతులా హెడ్‌ఫోన్ పాడుచేశానన్న బాధతో ఆయన కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. దాలమ్మ కిటికీలోంచి చూసింది. మంచం మీద తలనుంచి కాళ్ళదాకా దుప్పటి కప్పి ఉన్న ఆకారం కనిపించింది.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. చావు జరిగిన ఇంట్లో అడగడానికేముంటుంది? నేరుగా ఇంటికెళ్ళి పొందూరులో ఉన్న లక్ష్మణమ్మ తమ్ముడు ధనరాజుకు ఫోన్ చేసింది. ధనరాజు వెంటనే తన మేనల్లుడైన జగన్నాధానికి ఫోన్ చేశాడు. ఆపేసి ఉంది. దాంతో ఆయనకూ అనుమానం తీరిపోయింది. దాలమ్మ అక్కడితో ఆగకుండా వీధి మొదట్లో టెంటుహౌసు నడిపే శివాజీకి కూడా చెప్పింది. శివాజీ మంచివాడు. ఎవరూ అడక్కుండానే పనులు నెత్తిన వేసుకొనే రకం.

పదింటికి మొదటి ఆట మొదలైంది. అనూరాధ రెండు స్పీకర్ల మధ్య నిటారుగా కూర్చుంది. ఎడమ నుంచి అడుగులు వచ్చాయి. సన్నని కూత వినబడగానే తల వంచినట్టు ఆమె యోధుడు వంగాడు. బొంగురు కూతకు ఎగిరాడు. పృథ్వీరాజ్ యోధుడు వెనక్కి జరిగేలోపు ఈమె దెబ్బ తగిలింది. తెరను చూస్తూ కూడా జగన్నాధానికి ఎవరు ఎటున్నారో అర్థం కాలేదు; తెర చూడని కూతురికి అర్థమైంది. మొదటి ఆట అనూరాధదే. పద్మకుమారి చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి, చేతులు దూరంగా పట్టుకుంది.

రెండో ఆట మొదలవుతుండగా బయట ఇనప గొట్టాలు కింద పడిన చప్పుడైంది. శివాజీ షామియానా దింపిస్తున్నాడు. జగన్నాధం పరుగెత్తి, వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. శివాజీ ఆయన భుజం పట్టుకున్నాడు. “ఊరుకో బావ. నిండుగా బతికిన మనిసి. కుర్సీలు కూడా తెచ్చేను, నువ్వేటీ సూసుకోనక్కర్లేదు,” అన్నాడు. జగన్నాధం ఏమిటని అడిగేలోపే శివాజీ పిలిపించిన డప్పులు గేటు ముందు మోగాయి. ఆ డప్పుల మధ్యలోంచి ఆటో దిగిన ధనరాజు, అక్క మీద కప్పడానికి తెచ్చిన పుట్టింటి చీర చంకన పెట్టుకొని, “అప్పా! నన్నొగ్గేసి ఎలిపోయావా అప్పా!” అంటూ తిన్నగా లోపలికొచ్చి మంచం మీద పడ్డాడు.

దుప్పటి కదిలింది. లక్ష్మణమ్మ లేచి కూర్చొని గుసగుసగా అంది: “ఒరే ధనరాజూ, ఏడిస్తే ఏడు గాని సిన్నగా ఏడు. గుంట ఆడతన్నాది.”

ధనరాజు కేక వేసి వెనక్కి గెంతిన గెంతుకు, ఆయన వెనకే పరుగెత్తుకొచ్చిన జగన్నాధం కళ్ళజోడు ఎగిరి మంచం కింద పడింది. లేచి కూర్చున్న లక్ష్మణమ్మను చూసి గుమ్మంలో దాలమ్మ కేక వేసింది. లోపలి కేకలు విని, దుఃఖం ఎక్కువైందనుకొని, డప్పులవాళ్ళు ఇంకాస్త గట్టిగా వాయించారు. ఆ గోలలో అనూరాధకు ఎదుటివాడి అడుగులు మాయమయ్యాయి. చీకట్లో నిలబెట్టి కొట్టినట్టు ఆమె యోధుడు దెబ్బ మీద దెబ్బ తిని పడిపోయాడు. రెండో ఆట పోయింది. మూడోది మొదలవడానికి కొద్దిపాటి విరామమే ఉంది.

“నాన్నా, ఏటి జరుగుతన్నాది?”

“మీ నానమ్మ పోయిందని అనుకున్నారమ్మా.”

“పోయిందా?”

“లేదు. కూకొని సీర అంచు సూసుకుంటన్నాది.”

నిజమే. “ఈ సీర ముందే ఇచ్చుంటే నీ సొమ్మేటి పోయిందిరా?” అని లక్ష్మణమ్మ తమ్ముణ్ణి నిలదీస్తోంది. “అది కట్టుకునీది కాదప్పా, కప్పీది!” అని ధనరాజు వణుకుతున్నాడు.

“డప్పులు ఆపించొస్తానుండమ్మా,” అని జగన్నాధం లేచాడు.

“అంత టైము లేదు. నా పక్కన కూకో. నీ కళ్ళు గావాల నాకు,” అంది అనూరాధ. ఆటలోని సదుపాయాల పట్టికను పెట్టె తనంతట తానే పైకి చదువుతుంది గాని, ఆ డప్పుల్లో అది ఏం చదువుతోందో వినబడటం లేదు.

“అద్దాలు పడిపోయాయమ్మా. నాకేటి కనబడుతాది?”

ఆమె గుర్తు మీద ఏదో నొక్కింది. తెర మీది అక్షరాలు సినిమా బోర్డు మీది అక్షరాలంత అయ్యాయి.

“ఓర్నాయనో! ఇదెవరికోసం పెట్టారు?”

“కళ్ళజోడు పారేసుకున్నోళ్ళ కోసం. సదువు నాన్నా.”

జగన్నాధం చిన్నప్పటి ఇంగ్లీషుతో కూడబలుక్కొని చదివాడు. రంగులు మార్చడం. ఒంటిచేత్తో ఆడటం. చప్పుడుకు బదులు వణుకు.

“అదే! అక్కడ ఆగు.”

“ఇది సెవిటోళ్ళకి కదమ్మా?”

“సెవులు పని సెయ్యనోళ్ళకి. ఇప్పుడు నావి పని సేస్తన్నాయేటి?”

ఆమె నొక్కగానే చేతిలోని కంట్రోలర్ ప్రాణం వచ్చినట్టు కదిలింది. ఎదుటివాడు ఎడమకు వస్తే ఎడమ పట్టు వణుకుతుంది, కుడికి వస్తే కుడి పట్టు. దగ్గరైతే బలంగా, దూరమైతే సన్నగా. పై దెబ్బకు ఒక్క అదురు, కింది దెబ్బకు రెండు. చిన్నప్పటినుంచి కాగితం మీది చుక్కలు తడిమి చదువుకున్న వేళ్ళు అవి. మొదట రెండు దెబ్బలు తింది. మూడోదాన్ని కాచింది. నాలుగోదానికి ఎదురు కొట్టింది. గదిలో చేరిన జనానికి అప్పటికి సంగతి అర్థమైంది. శివాజీ తన కుర్చీ తానే తెచ్చుకొని కూర్చున్నాడు. ధనరాజు ఏడుపు మర్చిపోయి, “కొట్టమ్మా! ఒగ్గకు!” అని అరుస్తున్నాడు. ఆట ధ్యాసలో ఆపమని చెప్పాలని ఎవరికీ తోచక డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఇద్దరు యోధులకూ ఇంకొక్క దెబ్బకు సరిపడా ప్రాణమే మిగిలింది. కుడి పట్టు బలంగా అదిరింది. అనూరాధ వంగి, లేచి, కొట్టింది.

గెలిచినట్టు ఆమెకు ఆట చెప్పలేదు. లక్ష్మణమ్మ మీదపడి ముద్దులు పెట్టుకోవడంతో తెలిసింది.

డప్పులు ఆగాక, అనూరాధ మర్యాద కొద్దీ ఎదుటి ఆటగాడికి క్షమాపణ చెప్పుకుంది. మాట్లాడిన మాటను అక్షరాలుగా, రాసిన అక్షరాలను మాటగా మార్చే సదుపాయం కూడా ఆ ఆటలో ఉంది. “మా ఇంట్లో ఒకటే గోల. మీ ఆటకు అడ్డం వచ్చి ఉంటుంది, ఏమీ అనుకోకండి,” అంది. పృథ్వీరాజ్ రాసిన జవాబును పెట్టె పైకి చదివింది:

“ఏ గోల? నాకు పుట్టుకతోనే వినికిడి లేదు. కంట్రోలర్ వణుకు పట్టుకొనే ఆడతాను. మూడో ఆటలో మీ పద్ధతి నా పద్ధతిలాగే అయిపోయింది. ఏం చేశారు?”

గదిలో అందరూ నోళ్ళు తెరిచారు. తెల్లవారినప్పటినుంచి ఆ ఇల్లు పడిన పాట్లన్నీ జగన్నాధానికి ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అనూరాధ నవ్వుతూ చెప్పింది: “నాకు చూపు లేదు. మీ కోసం పెట్టినదాన్ని అరువు తీసుకున్నాను.”

పెట్టె మళ్ళీ జవాబు చదివింది: “మీ కోసం పెట్టింది నాకు ఎలాగూ పనికిరాదు. నాది మీరే ఉంచుకోండి. జట్టులో బాగా ఆడండి.”

జగన్నాధం మంచం కింద కళ్ళజోడు వెతికి పెట్టుకొని ఆ పెట్టె వైపు చూశాడు. ఎక్కడో ఏ దేశంలోనో కూర్చొని ఆట తయారుచేసిన మనుషులు, తాము ఎన్నడూ చూడబోని పిల్ల కోసం, వినబోని పిల్లవాడి కోసం, పిలవకముందే విస్తరి వేసి ఉంచారు. పంక్తిలో కూర్చున్నాక ఎవరి విస్తరి ఎవరికి పనికొస్తుందో వడ్డించినవాళ్ళకు కూడా తెలిసి ఉండదు. ఇంత దయగల పనిని తాను ఇన్నాళ్ళూ పిల్లల కాలక్షేపం అనుకున్నాడు. ఆ మాటే పద్మకుమారితో అంటే, “ముందు జనానికి టీ పెట్టనివ్వండి,” అంది.

టీలు తాగి అందరూ లేచారు. చావింటికి వెళ్ళినవాళ్ళు స్నానం చేసి గాని ఇంట్లో అడుగు పెట్టకూడదు కదా, మరి పోయిన మనిషే ఎదురుగా కూర్చొని రెండో టీ అడుగుతుంటే స్నానం చేయాలా అక్కర్లేదా అని గేటు దగ్గర దాలమ్మ అడిగిన ప్రశ్నకు, అన్ని ఆచారాలూ తెలిసిన జగన్నాధం ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాడు.