ముత్యాల గర్భం

కోడలి కడుపులో ముత్యాలు పడ్డాయని అత్తగారు వీధి వీధంతటికీ సగౌరవంగా తెలియజేశారు. ఆవిడ అబద్ధమాడలేదు. స్కానింగు గదిలో డాక్టరమ్మే స్వయంగా, "కవలలమ్మా. ఒకటి బతికున్న బిడ్డ, రెండోది ముత్యాల గర్భం" అన్నారు. ఆ తర్వాత చెప్పినవన్నీ అత్తగారికి అనవసరమనిపించాయి.

కోడలు మాత్రం చివరిదాకా వింది. ముత్యాలంటే ముత్యాలు కావు. బిడ్డగా ఎదగని గర్భం నీటి బుడగల గుత్తిగా మారింది. రక్తస్రావం కావచ్చు, బీపీ పెరగవచ్చు. ఇప్పుడే అంతా తీసేయవచ్చు, లేదా పరీక్షలు చేయించుకుంటూ బిడ్డ కోసం ఆగవచ్చు. దక్కుతుందన్న హామీ లేదు. ఆయా కుర్చీ జరిపి, "కూర్చోమ్మా, గుండె చప్పుడు ఇంకోసారి పెట్టమంటాను" అంది. అది విన్నాక కోడలు ఆగుదామనే నిశ్చయించుకుంది.

ఇంట్లో సభ జరిగింది. "ముత్యాల పంట ముదరకముందే కోయడం అవివేకం. ఇప్పుడే తీసేస్తామంటున్న ఆసుపత్రివారి ఆంతర్యం వేరే చెప్పాలా?" అని పెదమామగారు అధ్యక్షోపన్యాసం చేశారు. తీర్మానం నెగ్గింది. అవి ముత్యాలు కావని భర్త గొణిగిన ముక్కను అసమ్మతిగా నమోదు చేశారు. ఆడపడుచు తన మెడ కొలత ఇచ్చింది. దారి తప్పినా తన ఊరికే పోతున్న బండిని ఆపడమెందుకని కోడలు ఊరుకుంది.

రెండుసార్లు ఆసుపత్రిలో చేరింది. ఎనిమిదో నెలలో బీపీ అదుపు తప్పితే ఆపరేషన్ చేశారు. కిలోన్నర పాప కెవ్వుమంది. అత్తగారు నర్సు బయటికి తెచ్చిన మనవరాలి మీదుగా ట్రేలోకి తొంగిచూసి, "మిగతావేవీ?" అన్నారు. పరీక్షకు పంపారని తెలిసి నిట్టూర్చారు.

బుడగల జాడ ఒంట్లో మిగిలితే తల్లి ప్రాణానికే ముప్పు. అందుకని రక్తపరీక్షలో గర్భపు హార్మోను అంకె సున్నాకి దిగేదాకా తిరగాలన్నారు. వేలల్లోంచి వందలకు, వందల్లోంచి పదులకు దిగుతూ, ఐదో నెలలో సున్నా వచ్చింది. కాగితం అందిస్తూ ఆయా, "ఇకనైనా కంటినిండా నిద్రపోతావా తల్లీ?" అంది.

ఇంట్లో అత్తగారు అదే కాగితం చూసి కూలబడ్డారు. "సున్నానా! ఒక్కటీ మిగల్లేదటే?"

ఓదార్చడానికి వీధంతా తరలివచ్చింది. పాప ఉయ్యాల అడ్డంగా ఉందని ఎవరో పక్కకు జరిపారు. ఆ గుంపులో వెనకాల మునివేళ్ల మీద నిలబడి, "ఇంతకీ మొత్తం ఎన్ని ముత్యాలట?" అని అడిగింది మీరే కదూ?