ముప్ఫై ఎనిమిది చీటీల కారు

ఆ ఆదివారం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కళ్ల డాక్టరు వస్తాడు, కారు చూస్తాడు, నచ్చితే కొనుక్కుపోతాడు. సోమవారం పొద్దున, ఖాళీ అయిన షెడ్డులోకి పెద్ద కుట్టుమిషను వస్తుంది. ఇందులో బెడిసికొట్టడానికి ఏముందని ఇంట్లో అందరూ అనుకున్నారు.

కారు అరవై ఏళ్ల నాటి అమెరికన్ స్పోర్ట్స్ కారు. ఎర్రటిది, రెండే సీట్లు. మీట నొక్కితే నల్లటి గుడ్డ టాపు మడతలు పడి వెనక్కి పోతుంది. తుప్పుకుప్పగా వచ్చిన దాన్ని ఇంటాయన పదకొండేళ్లు కూర్చుని మనిషిని చేసినట్టు చేశాడు. ఆయన వృత్తి గడియారాల రిపేరు. టాపు మాత్రం ఆయన భార్య కుట్టింది. ఆ పదకొండేళ్లలో ఆవిడ ఎప్పుడు షెడ్డు దగ్గరికి వచ్చి పిలిచినా, లోపలి నుంచి ఒకటే జవాబు వచ్చేది: "ఉండు, పనిలో ఉన్నాను."

ఆవిడ ఇన్నాళ్లూ వంటింటి మూల చిన్న మిషను మీద జాకెట్లు కుట్టింది. ఇప్పుడు ఒక హోటలు వాళ్లు కర్టెన్ల పని ఇచ్చారు. దళసరి గుడ్డ కుట్టే మిషను కావాలి. ఆ మిషను ఇంటి గుమ్మంలో పట్టదు, షెడ్డులోనే పడుతుంది. నలభై తొమ్మిదో ఏట వచ్చిన అవకాశం, పోతే మళ్లీ రాదని ఆవిడకు గట్టి భయం. అందుకే నెలరోజులు పోరి ఆయన్ను ఒప్పించింది. ఆయన ఒప్పుకున్నాడు గానీ, అన్నం సరిగా తినడం మానేశాడు.

ఇక చీటీల సంగతి. గడియారాల షాపులో ప్రతి గడియారానికీ దారంతో ఒక చీటీ వేలాడదీసి, దాని జబ్బేమిటో రాయడం ఆయనకు అలవాటు. గడియారం పేరు రాయడు. గడియారమే ఎదురుగా వేలాడుతుంటే పేరెందుకని ఆయన వాదన. ఆ అలవాటు ఇంటికీ పాకింది. ఫ్యానుకు 'మూడు మీద పెట్టవద్దు', కుర్చీకి 'ఎడమకు ఒరగవద్దు'. ముప్ఫై ఏళ్లలో ఆయన చీటీ తప్పని ఒక్కరూ అనలేదు. నమ్మకుండా కుర్చీలో ఎడమకు ఒరిగిన పినమామగారు కూడా, కింద పడ్డాక, ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి కారు అమ్ముతూ లోపాలు దాస్తాడా? రాత్రికి రాత్రే ముప్ఫై ఎనిమిది చీటీలు కట్టేశాడు.

పొద్దున ఆయన పెట్రోలు డబ్బా పట్టుకుని అటు వెళ్లగానే ఇటు బావమరిది దిగాడు. ఫ్రిజ్‌ల షోరూములో అమ్మకాలు చూసే మనిషి. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అక్కవైపు తిరిగాడు.

"అక్కా, బావ దీన్ని అమ్ముతున్నాడా, ఆస్పత్రిలో చేర్పిస్తున్నాడా?"

"ఆయన సంగతి తెలిసిందే కదరా."

"ఇవన్నీ చదివితే కొనేవాడు గేటు దగ్గరే దండం పెట్టి వెళ్లిపోతాడు. రేపు నీ మిషను రోడ్డు మీద పెట్టుకుని కుట్టుకుంటావా?"

ఆ ఒక్క మాటతో ఆవిడ పక్కకు తప్పుకుంది. అయిదు నిమిషాల్లో ముప్ఫై ఎనిమిది చీటీలూ బావమరిది జేబులోకి చేరాయి.

ఆయన తిరిగొచ్చి చూశాడు. కోపం వస్తే గొంతు తగ్గే మనిషి. "చూడు బావమరిదీ, చీటీలు లేకుండా కారు గేటు దాటదు," అన్నాడు, దాదాపు గుసగుసగా. "ఎక్కడివి అక్కడ కట్టు. నేను చొక్కా మార్చుకుని వస్తాను."

ఎక్కడివి అక్కడ కట్టడానికి ఏది ఎక్కడిదో తెలియాలి. చీటీల మీద జబ్బే గానీ వస్తువు పేరు లేదు. బావమరిది వెనకాడే రకం కాదు. ముప్ఫై ఎనిమిది చీటీలున్నాయి, కట్టడానికి కారు నిండా వస్తువులున్నాయి, అంతే కదా అనుకున్నాడు. కళ్ల డాక్టరు పదికి పది నిమిషాల ముందే వచ్చేసరికి ఆఖరి ముడి పడింది.

డాక్టరు నెమ్మదస్తుడు, కళ్లజోడు తుడుచుకుంటూ మాట్లాడతాడు. చీటీలు చూసి ఆయన ముఖం వెలిగింది. "ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందమ్మా? మా పేషెంట్లు కూడా ఇంత వివరంగా చెప్పరు," అంటూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. టాపు కుట్టు చూపించడానికి ఆవిడ పక్క సీట్లో కూర్చుంది.

షెడ్డు తలుపులూ గేటూ తెరిచి ఉన్నాయి. ముందు వీధి, ఆ వీధి మార్కెట్టు దాకా వాలు.

డాక్టరు హ్యాండ్‌బ్రేకుకు కట్టిన చీటీ చదివాడు. 'కిందికి దించి అలాగే వదిలేయండి.' అది కిటికీ అద్దానిది. డాక్టరు, చెప్పిన మాట వినే మనిషి కనుక, దించి వదిలేశాడు. కారు నిదానంగా, ఏ చప్పుడూ లేకుండా బయల్దేరింది.

"స్టార్టు చేయకుండానే వెళుతోందే," అన్నాడు డాక్టరు, మెచ్చుకోలుగా.

"బ్రేకు నొక్కండి డాక్టరుగారూ," అంది ఆవిడ.

డాక్టరు వంగి పెడలుకు వేలాడుతున్న చీటీ చూశాడు. 'అలంకారానికి మాత్రమే. పనిచేయదు.'

"పనిచేయదని రాసుందమ్మా."

"ఆయన రాశాడంటే పనిచేయదండీ," అంది ఆవిడ. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ చేతిరాత ఆవిడకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. కారు జారిపోతున్నా ఆ నమ్మకం మాత్రం చెదరలేదు.

ఇక స్టీరింగు. దానికి యాష్‌ట్రే చీటీ పడింది. 'ఊడి చేతికొస్తుంది. కంగారు పడవద్దు.' డాక్టరు కంగారు పడకుండా రెండు చేతులూ తీసేశాడు. కారు తన దారి తాను చూసుకుంది. మంగలి షాపు ముందు సగం గడ్డం గీసిన మనిషి నురగతోనే బయటికొచ్చాడు. అడ్డొస్తున్న జనాన్ని చూసి డాక్టరు ఒక మీట వెతికాడు. 'మనుషులు అడ్డొస్తే నొక్కండి' అని హారను చీటీ దానికి వేలాడుతోంది. నొక్కాడు. టాపు సగం దాకా లేచి, పెద్ద గొడుగులా నిలబడి, ఇద్దరి కళ్లకూ అడ్డం పడింది.

వెనకాల గడియారాలాయన, బ్రేకుకు ఏ చీటీ పడిందో బావమరిది నోట విని, ఒక్క చేతికే చొక్కా తొడుక్కుని పరుగెత్తుకొస్తున్నాడు. "అది రేడియోది. బ్రేకుకున్న చీటీ రేడియోది," అని అరుస్తున్నాడు. కారు దాకా రేడియో అన్న మాట ఒక్కటే చేరింది.

"మీవారు రేడియో పెట్టమంటున్నారు," అన్నాడు డాక్టరు.

ఇలాంటప్పుడు రేడియో ఏమిటని ఆవిడ విసుక్కుంటూనే అటు చూసింది. రేడియోకు చీటీ ఉంది. 'మెల్లగా తొక్కితే చాలు. గట్టిగా పట్టేస్తుంది.'

రేడియోను తొక్కడమేమిటి? ఆవిడ దర్జీ. జాకెట్టు చేతి ముక్క తెచ్చి మెడకు అతికిస్తే చూడగానే పట్టేస్తుంది. జరిగిందంతా ఆవిడకు ఒక్క క్షణంలో అర్థమైంది. తమ్ముణ్ణి మనసులోనే నాలుగు తిట్టి, కాలు అటు చాపి, అలంకారపు పెడలును మెల్లగా తొక్కింది.

పుచ్చకాయల బండికి జానెడు దూరంలో కారు ఆగింది. భర్త చీటీలో రాసినట్టే, గట్టిగా పట్టేసింది.

గడియారాలాయన రొప్పుతూ వచ్చి ముందు కారును కాదు, భార్యను చూశాడు. "నీకేం కాలేదుగా?" అన్నాడు. ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బేరం పోయిందన్న దిగులు, ఆ పదకొండేళ్ల తర్వాత వచ్చిన ఆ ప్రశ్న, రెండూ ఒకేసారి తగిలాయి. బావమరిది మాత్రం మంగలి షాపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

డాక్టరు దిగి, కళ్లజోడు తుడుచుకుని, సగం లేచిన టాపు అంచును వేళ్లతో తడిమాడు.

"కారు నాకొద్దండీ. మీ బ్రేకు బాగుంది, నా గుండే బాగోలేదు. కానీ ఈ టాపు ఎవరు కుట్టారు?"

"నేనేనండీ," అంది ఆవిడ.

"మా ఇంట్లో మూడు పాత కార్లున్నాయి. వానొస్తే మూడూ కారతాయి. మా స్నేహితులవి ఇంకో పది దాకా ఉన్నాయి. కుట్టేవాళ్లే దొరక్క గొడుగులేసుకుని నడుపుతున్నాం. మీరు కుట్టిపెడతారా?" ఒక అడుగు వేసి మళ్లీ ఆగాడు. "ఈ కారును మాత్రం అమ్మకండమ్మా. వచ్చినవాళ్లకు మీ పనితనం చూపించడానికి ఉండాలి."

కాగల కార్యం గంధర్వులే తీర్చారని గడియారాలాయన పొంగిపోయాడు. కారు ఉంటుంది, భార్యకు పని ఉంటుంది, తనకు షెడ్డు ఉంటుంది. కారును పైకి తోస్తున్నంత సేపూ ఆయన ఈల వేశాడు.

ఆ సంతోషం మధ్యాహ్నం భోజనం దాకా నిలిచింది. తిన్నాక ఆవిడ టేపు పట్టుకుని షెడ్డు కొలిచింది. కారు ఉండాలి, మిషను రావాలి, గుడ్డ పరవడానికి బల్ల పడాలి. ఇక మిగిలింది ఆయన బల్ల, ఆయన పనిముట్లు, ఆయన. సాయంత్రానికి మూడూ వరండాలోకి వచ్చాయి. మోసింది బావమరిది.

మంగళవారం ఆయనకు చిన్న స్క్రూడ్రైవరు కావలసివచ్చింది. అది షెడ్డులో ఉండిపోయింది. వెళ్లి చూస్తే తలుపుకు దారంతో ఒక చీటీ వేలాడుతోంది, భార్య చేతిరాతతో: 'తట్టి ఆగవలెను.'

ఆయన చీటీలను గౌరవించే మనిషి. తట్టి ఆగాడు. లోపల మిషను చప్పుడు ఆగలేదు.

"ఉండండి, పనిలో ఉన్నాను."