లెక్కల రాత్రి అత్తారింట్లో

జనాభా లెక్కల నాటి పొద్దున ద్వోమో గడ్డం గీసుకుని, చచ్చిపోయిన భార్య ఇంట్లో ఆ రాత్రి పడుకోవాలనుకున్నాడు. ఆ రాత్రి ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఇంటి మనిషిగా రాస్తారు.

మాంపాంగ్ ఊళ్ళో మొగుడు తన తల్లి ఇంట్లో, పెళ్ళాం తన తల్లి ఇంట్లో ఉండడం మామూలే. అతని భార్య అఫ్రకోమా సాయంత్రం దంచిన దుంపల ముద్ద, ఫుఫూ, గిన్నెలో నెత్తిన పెట్టుకుని అతని ఇంటికి వచ్చేది, తెల్లవారకముందే వెళ్ళిపోయేది. లెక్కల రాత్రి అసలు వచ్చేదే కాదు. తన ఇంటికి పెద్ద లేదని రాసుకుపోతారని భయం. అలా ప్రభుత్వం దృష్టిలో వాళ్ళిద్దరూ ఒక్కసారైనా ఒక ఇంటివాళ్ళు కాలేదు. పోయిన మనిషిని ఎలాగూ రాయరు. ఆమె ఇంట్లో తన పేరైనా ఉండాలని అతని ఆశ.

చీకటి పడగానే చాప, జిన్ సీసా పట్టుకుని వెళ్ళాడు. నేల మీద నాలుగు చుక్కలు పోసి, లోపలికి రావచ్చా అని పోయిన భార్యను అడగడానికి ఆ సీసా. ఆ ఇంట్లోనే ఉండే మరదలు సెర్వా ఇంకా సంత నుంచి రాలేదు. పక్కింట్లో ఉండే ఆమె మేనమామ అమాంక్వా వాకిట్లోనే సీసాను చూశాడు, చాపను చూశాడు. ఆడపిల్ల ఇంటికి మగవాడు సీసా తెస్తే పెళ్ళి అడిగినట్టు. పెద్దలు తాగితే కుదిరినట్టు.

"ఇన్నాళ్ళూ నాన్చావేం అల్లుడూ?" అని మూత తీశాడు.

ద్వోమో చాపను వెనక్కి దాచుకున్నాడు. సిగ్గనుకుని అమాంక్వా పొరుగు పెద్దల్ని పిలిచాడు. సెర్వా వచ్చేసరికి సీసా సగమైంది, దీవెనలు మొదలయ్యాయి.

"అక్క పోయినా రోజూ కూడు పంపుతున్నా కదా బావా. దానికిదా ఫలం?"

"నీ కోసం రాలేదు."

"మరి మామయ్య కోసమా?"

"మీ అక్క కోసం."

ఆమె తాళంచెవి అతని ఒళ్ళోకి విసిరింది. "అయితే దానితోనే ఉండు" అని, పడుకోవడానికి ద్వోమో అక్క పోకువా ఇంటికి పోయింది.

అఫ్రకోమా మంచం పక్క గోడకు ఆమె తలనూనె మరక ఇంకా ఉంది. దానివైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే లెక్కల పిల్ల వచ్చింది. "ఇంటి పెద్దెవరు తాతా?"

"అఫ్రకోమా."

"రాత్రి ఇక్కడే పడుకుందా?"

ద్వోమో చాలాసేపు లోపలికి చూశాడు. "లేదు."

"నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

అక్కడ పోకువా, పెళ్ళి కబురు విని మురిసిపోయి, సెర్వాను తమ్ముడి భార్యగా రాయించేసింది.

పాత లెక్కలూ కొత్త లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు, అప్పటిలాగే మొగుడొక ఇంట్లో, పెళ్ళామొక ఇంట్లో ఉన్నారని, ద్వోమో కుటుంబంలో ఏ మార్పూ లేదని తేల్చారు.