గోడవైపు తిరిగిన పిల్లాడు

బంద్ రోజైనా పిల్లలు వచ్చారు కాబట్టి, పొద్దున్నే ఒక ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే తల్లులు నిశ్చింతగా ఉంటారని పల్లవి అనుకుంది. చైతన్యపురిలో సూర్యప్రభ నడిపే క్రెష్‌లో ఆమె చేరి ఇంకా నెల కాలేదు.

కిందటి వారం ఫోటో కింద పిల్లల పేర్లు కూడా రాసింది. అది చూసిన ముక్కూమొహం తెలియని మనిషెవరో దిల్‌సుఖ్‌నగర్ బజారులో అమల కొడుకును "వంశీ" అని పిలిచాడు. అమల హడలిపోయి సూర్యప్రభ దగ్గరికి వచ్చింది.

"మావాణ్ని ఎవరూ గుర్తుపట్టకూడదండీ. మళ్లీ ఇలాగైతే మాన్పించేస్తాను."

"ఇంకో పొరపాటు జరిగిందా, నువ్వు మీ ఊరెళ్లిపోవచ్చు" అని సూర్యప్రభ పల్లవితో చెప్పింది.

అందుకే ఈసారి పల్లవి పేర్లు రాయలేదు. కంప్యూటర్లో ఒక్కో ముఖం మీదా ఒక్కో బంతిపువ్వు అతికించింది. వెనక గోడవైపు తిరిగి నిలబడ్డవాడికి పువ్వు అవసరం రాలేదు. అందరివీ క్రెష్ ఇచ్చిన పసుపు చొక్కాలే.

కాసేపటికే ఎల్‌బీ నగర్ ఆఫీసు నుంచి అలేఖ్య ఫోన్ చేసింది.

"మా చిన్నాణ్ని గోడకెందుకు నిలబెట్టారు? వాడి వీపు నాకు తెలీదా?"

పల్లవి నోరు తెరిచేలోగా పెట్టేసింది. వెంటనే సరూర్‌నగర్ నుంచి ఇంకో పిల్లాడి నానమ్మ, అరుణమ్మ.

"ఏం బిడ్డా, మా మనుమన్ని గోడకు నిలవెట్టినవేంది? గా మొహాలకు పూలెందుకు? దెబ్బలు కనవడకుండనా?"

ఆ అనుమానం ఫోన్లలో అందరికీ పాకింది. మధ్యాహ్నానికి, బస్సుల్లేని రోడ్డు మీద ఆడవాళ్లు గుంపుగా నడిచి వస్తుంటే, ఇదీ ఊరేగింపే అనుకుని తెరిచున్న ఒకటి రెండు దుకాణాలు కూడా షట్టర్లు దించేశాయి.

"గోడ దగ్గరున్నది మావాడే" అంది అలేఖ్య గేటులోనే.

"మా మనుమడు. నేను పెంచిన, నాకెరుక లేదా?" అంది అరుణమ్మ.

సూర్యప్రభ పల్లవివైపు చూసింది. పల్లవికి అప్పుడే తన బట్టల సంచి గుర్తొచ్చింది.

"ఎవర్నీ నిలవెట్టలే మేడం" అంది నేలచూపులు చూస్తూ. "దాగుడుమూతలు ఆడుతున్రు. దొంగ అంకెలు లెక్కవెడుతుండు."

"ఎవరా దొంగ?"

"వంశీ."

సూర్యప్రభ కుర్చీలో కూలబడింది. సరిగ్గా అప్పుడే అమల లోపలికి వచ్చింది.

"ఫోటో చూశానమ్మా పల్లవీ. ఎంత వెతికినా మావాడు దొరకలేదు. నాకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇకనుంచీ ఇలాగే పెట్టు."

సూర్యప్రభ తేరుకుని, అందరితోపాటు పల్లవికీ టీ పోసింది.

ఇంటికి బయల్దేరేటప్పుడు మాత్రం అమల వంశీ గడ్డం పైకెత్తి, ముఖం ఒకసారి సరిచూసుకుంది.