పడినవన్నీ పట్టుకోబడును

మా భవన నివాసుల సంక్షేమ సంఘం సగర్వంగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మా భవనం నుంచి ఏదీ నేల మీద పడదు. పడినవన్నీ గాలిలోనే పట్టుకోబడును. ఈ ఘనత పూర్తిగా మా అధ్యక్షుల వారిది. ఆ మహానుభావుడి దగ్గర కార్యదర్శిగా సేవ చేసుకుంటున్న అదృష్టవంతుణ్ణి నేను.

సంగతేమిటంటే, మొదటి అంతస్తులో అధ్యక్షుల వారి బాల్కనీ కొంతకాలంగా పెచ్చులూడుతోంది. సరిగ్గా దాని కింద, గుమ్మం పక్కన, కుట్టుమిషను పెట్టుకుని అక్కయ్య బట్టలు కుడుతుంది. ఆమెను భవనమంతా అక్కయ్యనే పిలుస్తుంది. పిల్లల యూనిఫారాలు మొదలుకొని అధ్యక్షుల వారి పైజామాల దాకా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. కూర్చోవడానికి ఆమెకు మరో చోటు లేదు. ఒకరోజు అరచేయంత పెచ్చు వచ్చి మిషను చక్రం మీద పడింది. వెంట్రుకవాసిలో ఆమె తలకు తప్పింది.

"ఆ ఊడిపోయే పెచ్చులు కొట్టించేసి కాస్త సిమెంటు పూయించండి బాబుగారూ. నా తల సంగతి సరే, ఈ మిషను పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు," అంది నాతో.

ఇంత చిన్న విషయానికి సిమెంటు దాకా వెళ్ళడం సంఘానికి నామోషీ అనిపించింది. సర్వసభ్య సమావేశం పెట్టాం. అధ్యక్షుల వారు జేబులోంచి తమ చిన్ననాటి ఎలక్ట్రానిక్ గేము తీశారు. అరచేతిలో ఇమిడిపోతుంది. బూడిదరంగు తెర మీద నాలుగు గూళ్ళలోంచి కోడిగుడ్లు దొర్లుకుంటూ వస్తుంటాయి. మధ్యలో బుట్ట పట్టుకున్న ముసలమ్మ. బటన్లు నొక్కి ఆమెను అటూ ఇటూ తిప్పుతూ గుడ్లు పట్టాలి. మూడు పగిలితే ఆట అయిపోయినట్టే.

"సోదర సోదరీమణులారా! ఈ ఆటలో ఏనాడైనా ఎవరైనా కోడిని తప్పుపట్టారా? గూటికి మరమ్మతు అడిగారా? లేదు! గుడ్డు పగిలిందంటే తప్పు బుట్టది! పడటం ప్రకృతి, పట్టుకోవడం సంస్కృతి!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆ అదురుకు అక్కడ కూడా కాస్త సున్నం రాలింది.

గేము నియమాలనే సంఘం నియమావళిగా అక్కడికక్కడే ఆమోదించాం. అందులో ఓ మెలిక ఉంది. తెర పైమూల కిటికీలోంచి యజమాని తొంగిచూస్తున్నప్పుడు గుడ్డు పగిలితే అది అర తప్పే. కనుక అధ్యక్షుల వారు కిటికీలో నిలబడి ఉండగా పడే పెచ్చును సగం పెచ్చుగా పరిగణించాలని తీర్మానించాం.

పట్టుకునే అధికారి పదవికి కేవలం ప్రతిభను బట్టి అధ్యక్షుల వారి బావమరిది ఎంపికయ్యాడు. గేము అతని దగ్గరే ఉండిపోవడం వల్ల మిగతా అభ్యర్థులు ఆడలేకపోయారు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని, అక్కయ్య పక్కన కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం సాధన చేసేవాడు. తల ఎత్తితే ఏకాగ్రత చెదురుతుందని పైకి చూసేవాడే కాడు. అలా సాధన సాగుతుండగానే ఓ పెచ్చు వచ్చి అక్కయ్య భుజం మీద పడింది. ఆమె "అమ్మా!" అని కూలబడింది.

"కిటికీలో బావగారున్నారా?" అన్నాడు బావమరిది, తెర మీంచి చూపు తిప్పకుండా. ఉన్నారు. అర తప్పు అయింది.

"మీద పడేది సగం పడుతుందా బాబూ? మీదేం పోయింది, కట్టు నాకు కదా!" అని అక్కయ్య మండిపడింది.

అధ్యక్షుల వారి గుండె కరిగింది. స్కోరు వెయ్యి కాగానే బాల్కనీకి మరమ్మతు చేయిస్తానని మాట ఇచ్చేశారు. వెయ్యి కొడితే తెర మీద ఏదో అద్భుతం కనిపిస్తుందని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నారట. చూసినవాళ్ళు మాత్రం ఎవరూ తగల్లేదట.

ఇక చూడండి మా భవనం ఐకమత్యం! గేము ఇంటింటికీ తిరిగింది. కూరలు మాడాయి. పాలు పొంగిపోయాయి. అవి పొంగాయే తప్ప పడలేదు కనుక సంఘం పరిధిలోకి రావు. పెచ్చులు ఊడుతూనే ఉన్నాయి, వెయ్యి మాత్రం ఎవరికీ అందలేదు. చివరికి అక్కయ్య విసిగిపోయింది.

"ఇలా ఇవ్వండి. నా మిషను కోసం నేనే పట్టుకుంటా."

సూదిలో దారం ఎక్కించే కళ్ళు కదా, ఒక్క గుడ్డు వదల్లేదు. మేమంతా ఆమె చుట్టూ, అంటే బాల్కనీ కింద, తలలు వంచి మూగాం. తొమ్మిది వందల తొంభై తొమ్మిది! ఇంకో గుడ్డు వచ్చి బుట్టలో పడింది. తెర మీద సున్నా వెలిసింది.

ఆ గేములో ఉన్నవి మూడంకెలే. వెయ్యి చూపించడానికి దానికి చోటే లేదు. కిటికీలో అధ్యక్షుల వారు చిన్నగా నవ్వుకున్నారు.

అంతలో పైన ఫెళ్ళుమని చప్పుడైంది. మేము సున్నానే చూస్తున్నాం. తల ఎత్తింది అక్కయ్య ఒక్కతే. "జరగండి! జరగండయ్యా!" అని అరుస్తూ, దొరికినవాణ్ణి దొరికినట్టు కాలరు పట్టి వీధిలోకి నెట్టింది. మమ్మల్ని నెడుతూ ఉండిపోయింది కానీ మిషను లాక్కోలేదు. బాల్కనీ మొత్తం దాని మీదే కూలింది. నాకు కాలు విరిగింది, మరికొందరు సభ్యులకూ గట్టి దెబ్బలే తగిలాయి. మిషను నుజ్జునుజ్జయింది.

మర్నాడు అక్కయ్య ఆసుపత్రికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "మిషను పోయింది బాబుగారూ. రేపటి నుంచి నేనేం చెయ్యాలి?" అంది.

వార్డులో ఉన్న సభ్యులందరం కట్లతోనే లేచి కూర్చున్నాం. అందరి నోటా ఒకటే మాట వచ్చింది.

"గేముకేమీ కాలేదు కదా?"

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. మర్యాద తెలియని మనిషి. అయినా సంఘం ఆమెకు సానుభూతి ప్రకటించింది. ప్రమాద సమయంలో అధ్యక్షుల వారు కిటికీలో ఉన్నందువల్ల అది సగం సానుభూతి.

ఈ వార్డు కప్పు నుంచి కూడా నిన్నటి నుంచి పెచ్చులు రాలుతున్నాయి. కంగారేమీ లేదు, మంచానికో బుట్ట చొప్పున కావాలని ఆసుపత్రి వారికి రాశాం. మీ ఇళ్ళలోవి మాత్రం అడగం లెండి. మీ కప్పుల కింద మీకూ కావాలి కదా.