మూడు బొట్ల మూత

సుమ్మాదేవి దగ్గర రైలుకట్టను వరద కోసేసిన ఏడాది అది. పలాస కమ్మరి గున్నయ్య తాను చేసిన ఇత్తడి మూతను ఒక ఉదయం పేటెంటు దరఖాస్తు రాయించడానికి టెక్కలి తీసుకుపోదామనుకున్నాడు. బియ్యం మిల్లు ఇంజను గాలి పీల్చేచోట అది బిగిస్తే గాలి అంచు కిందనుంచి పోతుంది గాని ఊకదుమ్ము లోపలికి పోదు. గున్నయ్య దాన్ని మిల్లు యజమాని ధర్మారావు ఇంజనుకు నాలుగు రోజులు బిగించి చూపించి, విప్పి తెచ్చుకున్నాడు. కలకత్తా నుంచి పేటెంటు వస్తే ఆ మూత చేసే హక్కు గున్నయ్యది. రాకపోతే తానే బరంపురంలో పోత పోయిస్తానని ధర్మారావు మొహం మీదే చెప్పాడు.

బయలుదేరే ముందు భార్య బొడ్డమ్మ మూతకు మూడు కుంకంబొట్లు పెట్టింది.

టెక్కలిలో ప్లీడరు గుమాస్తా గణపతిరావు దరఖాస్తుకు మూత బొమ్మ గీశాడు. చత్వారం మనిషి. ఎండి నల్లబడిన బొట్లను కన్నాలనుకుని మూడు సున్నాలు చుట్టాడు. బాబు బొట్లు కూడా వదల్లేదని గున్నయ్య సంతోషించి వేలిముద్ర వేశాడు.

వానలు వెనకబట్టాక జవాబు వచ్చింది.

"మూడు కన్నాల మూత కొత్తది కాదట. తోసేసినారు," అన్నాడు గణపతిరావు.

"కన్నాలేటి బాబూ? దానికి కన్నాల్లేవు."

"మరి ఈ సున్నాలేటి?"

"మా ఆడది ఎట్టిన బొట్లు."

గణపతిరావు బొమ్మ వంక చూశాడు. తరువాత బొమ్మను కాదు, మూతనే చూడండని అప్పీలు రాశాడు.

గున్నయ్య మూతను చింతపండుతో తోమి పెట్టెలో పెట్టాడు. మేకులు తెచ్చుకునేసరికి పెట్టె మూసి ఉంది. మేకులు దిగ్గొట్టి పలాసలో రైలెక్కించాడు.

"ఈసారి ఐదెట్టినాను. మూడు సాల్లేదు కదా," అంది బొడ్డమ్మ.

అప్పటికే రైలు సిగ్నలు దాటిపోయింది.

కలకత్తా వాళ్ళు మళ్ళీ తోసేశారు. బొమ్మలో మూడు, వస్తువు మీద ఐదు, రెండూ ఒకటి కావన్నారు. మూత తిరిగి రాలేదు.

పేటెంటు రాలేదని తెలిసి ధర్మారావు గణపతిరావు దగ్గర బొమ్మకు నకలు తీయించాడు.

"బాబూ, ఆ కన్నాలు..." అని గున్నయ్య చెప్పబోయాడు.

"ఊరుకోవోయ్! కలకత్తా దొరలు సూసిన బొమ్మ తప్పవుద్దేటి? ఓడిపోయినోడివి, నీకేటి తెలుసు?"

బరంపురం నుంచి మూడేసి కన్నాల మూతలు గంపలతో దిగాయి. కోటబొమ్మాళి దాకా మిల్లులన్నిటికీ ధర్మారావు వాటిని అంటగట్టాడు. కోతలై ధాన్యం ఆడించడం మొదలవగానే ఇంజన్లు ఊకదుమ్ము మింగి వరసగా ఆగిపోయాయి. మొదట ఆగింది ధర్మారావుదే.

ఒక సాయంత్రం బండెడు మూతలతో అతను గున్నయ్య వాకిట్లో దిగాడు.

"కన్నాలు మూసెయ్యి గున్నయ్యా. ఇకమీదట మూతలన్నీ నువ్వే సెయ్యి. మిల్లులోళ్ళు కర్రలట్టుకుని నా కోసం తిరుగుతున్నారు."

మర్నాడు తెల్లారి గున్నయ్య కొలిమి రాజేసి, ఒక్కో మూతకు మూడేసి ఇత్తడి బిళ్ళలు అతికించాడు. బొట్లు ఎక్కడ పెట్టాలో బొడ్డమ్మ ఈసారి వెతుక్కోలేదు, బిళ్ళకొకటి పెట్టింది.